ప్రార్థనకి నోరు రాని రోజుల్లో

ప్రశ్న: మాది ఉద్దానం. మా ఆయనకి కిడ్నీలు పోయి రెండేళ్లయింది. వారానికి మూడు రోజులు డయాలసిస్. మిగతా రోజులు నేను జీడి ఫ్యాక్టరీలో పప్పు తొక్క తీసే పనికి వెళ్తున్నాను. ఆదివారం చర్చి మానలేదు గానీ నాలుగైదు నెలలుగా ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే ఏడుపొస్తుంది, లేదంటే ఏమీ రాదు. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. చర్చిలో కొందరు "నీకు విశ్వాసం చాలదు, ఇంట్లో ఏదో పాపం దాగుంది, ఉపవాసం పట్టు" అంటున్నారు. ఒకాయనైతే డయాలసిస్ మానిపించి ప్రార్థనకి తీసుకురమ్మన్నారు. తొమ్మిదో తరగతి చదివే మా పాప "ప్రార్థన చేస్తే నాన్నకి తగ్గుతుందా అమ్మా" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఒక్కోసారి తెల్లారకపోతే బాగుణ్ణనిపిస్తోంది. నేను నిరీక్షణ పోగొట్టుకున్నట్టేనా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

తెల్లారకపోతే బాగుణ్ణనిపిస్తోందని చివర్లో ఒక ముక్క రాశారు. మేము అక్కడి నుంచే మొదలుపెడతాం. ఆ మాట రాసినందుకు సిగ్గుపడకండి. మోషే అన్నాడు, యోబు అన్నాడు, యోనా అన్నాడు. అయితే ఒకటి మీకు మీరే తేల్చుకోవాలి. నిద్రలోనే పోతే బాగుణ్ణు అనుకోవడం దగ్గరే ఆగుతోందా, లేక "నేనే ఏదైనా చేసుకుంటే" అన్నదాకా వెళ్తోందా? రెండోదైతే ఈ జవాబు మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు 14416కి ఫోను చెయ్యండి. టెలీ మానస్ అంటారు. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మొదటిదే అయినా చెయ్యండి, తప్పు లేదు. తోటకి కొట్టే మందు డబ్బాలు, మిగిలిపోయిన నిద్రమాత్రలు ఇంట్లో ఉంటే ఇవాళే అక్కగారింటికో నమ్మకమైన పొరుగింటికో పంపేసి తాళం వేయించండి. మనసు అలా తిరిగే ఘడియ చాలామందికి కాసేపే ఉంటుంది. ఆ కాసేపూ చేతికందే దూరంలో ఏమీ లేకపోతే మనిషి గట్టెక్కుతాడు.

ఇక నిరీక్షణ పోయిందా అన్న సంగతి. మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్సు కోసం నిరీక్షణ అంటాం. మన బైబిల్లో మాత్రం "ఆశ" అనవలసిన చాలా చోట్ల ఆ మాటే వేశారు. కీర్తనల హెబ్రీలో కూడా ఎదురుచూడటానికీ ఆశించడానికీ ఒకే క్రియ వస్తుంటుంది కాబట్టి ఆ ఎంపిక చాలా లోతైనది. బస్టాండులో నిలబడ్డవాడు సంతోషంగా ఉన్నాడా లేదా అని ఎవరూ అడగరు. నిలబడ్డాడా, ఇంటికి తిరిగి వెళ్లిపోయాడా అన్నదే లెక్క. ఈ నాలుగైదు నెలలూ మీరు ఆయన్ని ఒక్క డయాలసిస్‌కీ తప్పించలేదు, ఆదివారం మానలేదు, ప్రార్థన రాకపోయినా మోకరిస్తూనే ఉన్నారు. మీకు పోయింది ఆ పని చేస్తుంటే కలగవలసిన ధైర్యం. దాన్నీ నిరీక్షణనీ ఒకటే అనుకోబట్టి సగం బెంగ.

పునరుత్థానపు ఆదివారం సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలని చూడండి. యేసు లేస్తాడన్న నమ్మకంతో ఒక్కరూ వెళ్లలేదు. శవానికి పూయడానికి సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని వెళ్లారు. రాయి ఎవరు తీస్తారన్నది కూడా దారిలో మాట్లాడుకున్నారు తప్ప ముందు ఆలోచించుకోలేదు. చనిపోయినవాడికి చెయ్యవలసిన పని చేద్దామని బయల్దేరినవాళ్లకే ఆ కబురు ముందు అందింది. క్రైస్తవ నిరీక్షణకి పునాది ఆ ఖాళీ సమాధి. పొద్దున మనకి ఎలా అనిపించిందన్న దాన్ని బట్టి ఆ పునాది కదలదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాం. ప్రార్థన కంటే ముందు తిండి, నిద్ర.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ఎడారిలో బదరీవృక్షం కింద కూర్చుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అంటాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, విశ్వాసం చాలదని గద్దించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించి తినమన్నాడు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచాక, హోరేబు కొండ దగ్గర. ఈ వరస పట్టుకోండి. డయాలసిస్ రోజున తెల్లారకట్ల బయల్దేరి, నాలుగు గంటలు మెషిన్ బయట కూర్చుని, ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటితే మీరు ఏం తింటున్నట్టు? ముందు రాత్రే చోడి (రాగి) అంబలి కాచి సీసాలో పోసుకోండి, ఒక ఉడికిన గుడ్డు వెంట పెట్టుకోండి. అది మీకు. ఆయనకి పెట్టకండి, ఆయన తిండీ నీళ్లూ డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే. (చూడ్డానికి వచ్చిన చుట్టాలు ప్రేమగా కొట్టిచ్చే కొబ్బరి బొండం కూడా ఆయనకి వద్దు. అందులో పొటాషియం ఎక్కువ. ఉద్దానంలో బొండం వద్దనడం మర్యాద కాదని తెలుసు, అయినా అనాలి.)

మూడింటికి మెలకువ వస్తే మంచం మీదే దొర్లుతూ ఉండకండి. ఇరవై నిమిషాలకి నిద్ర పట్టకపోతే లేచి వేరేచోట కూర్చోండి, ఫోను ముట్టుకోవద్దు, అప్పుల లెక్క ఆ వేళ వెయ్యొద్దు. ఎప్పుడు పట్టినా పొద్దున లేచే టైము మార్చకండి. సాయంత్రం నాలుగు దాటాక టీ మానండి. ఇన్ని చేసినా, రెండు వారాలకి మించి తెల్లవారుజామున మెలకువ, ఆకలి లేకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం, అన్నీ నా తప్పే అనిపించడం కలిసి ఉంటే దానికి డిప్రెషన్ అని పేరు. మీరు రాసింది నాలుగైదు నెలల సంగతి. శ్రీకాకుళం రిమ్స్‌లో మానసిక వైద్యుల ఓపీ ఉంది, వెళ్లండి. మందు రాస్తే ఒక సంగతి ముందే తెలుసుకుని వాడండి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. పది రోజులకి "పనిచెయ్యట్లేదు" అని కొందరు, రెండు నెలలకి "బాగైపోయింది" అని ఇంకొందరు మానేస్తారు, జబ్బు తిరగబెట్టేది అక్కడే. బాగైందనిపించాక కూడా కొన్ని నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. మాత్ర మింగితే విశ్వాసం తగ్గదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

డయాలసిస్ మానిపించమన్నాయన మాట ఒక్కరోజు కూడా వినకండి. దీని మీద మాకు మొహమాటం లేదు. కిడ్నీలు పనిచెయ్యని ఒంట్లో రెండు మూడు విడతలు తప్పితే పొటాషియం పేరుకుని, పైకి ఏమీ కనబడకుండానే గుండె లయ తప్పుతుంది. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం మొదలవుతుంది. హిజ్కియా రాజుకి జబ్బు చేసినప్పుడు ఏం జరిగిందో ఆయన్ని చదవమనండి. రాజు ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత మాట ఇచ్చాక కూడా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. ప్రార్థనా జరగనివ్వండి, కట్టూ కట్టనివ్వండి. ఇంకొకటి, ప్రార్థన చేసేవాళ్లు ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపకుండా చూసుకోండి. తల మీద చెయ్యి వేస్తే చాలు.

పాపం దాగుంది అన్న మాట గురించి ఎక్కువ రాయం. ఉద్దానంలో ఇన్ని ఊళ్లలో, ఇంటింటా ఉన్న ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధనల్లో కూడా కచ్చితంగా తేలలేదు. అది మీ ఒక్క ఇంటి పాపంలో దొరుకుతుందనుకోవడం అన్యాయం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అచ్చం ఇదే అడిగారు, వీడు పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని. యేసు రెండూ కాదన్నాడు. ఉపవాసం మాత్రం ఇప్పుడు మీ వంతు కాదు, నిద్రా తిండీ లేని మనిషికి ఉపవాసం జబ్బు మీద జబ్బు. పట్టమన్నవాళ్లనే ఓ పూట పట్టమని, మిగిలిన ఆ భోజనం మీ ఇంటికి పంపమనండి. యెషయా 58లో దేవుడు ఇష్టపడే ఉపవాసం దాదాపు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ప్రార్థన. నోరు రానప్పుడు పెద్ద ప్రార్థనకి ప్రయత్నించకండి, విలాపం రాయండి. 150 కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు మొర, ఫిర్యాదు, కన్నీళ్లే. మన ఆరాధనల్లో పాడేవేమో ఎక్కువగా స్తుతి కీర్తనలు, అందుకే ఏడుపొస్తే ప్రార్థన చెడిపోయిందనుకుంటాం. 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు: ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతాడు. తర్వాతి రెండూ అడగడం: నన్ను చూడు, నా కళ్లకి వెలుగివ్వు. చివరి రెండూ నమ్మిక. ఈ మూడు భాగాల్నీ మీ పాప పాత నోటుబుక్కులో ఒక పేజీ మీద మీ మాటల్లో దించండి.

ఫిర్యాదు రాసేటప్పుడు మర్యాద మాటలు వద్దు. "ప్రభువా, మా కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో" అన్నది అందరూ అనేదే. "మంగళవారం బస్సులో ఆయన వాంతి చేసుకుంటే సీట్లోవాళ్లు లేచిపోయారు, నువ్వెక్కడున్నావు" అన్నది మీది. అలాంటివి నాలుగైదు వాక్యాలు. తర్వాత అడగండి, ఒకటే, ఈ వారానిది: ఈ శనివారం డయాలసిస్ తర్వాత ఆయన బీపీ పడిపోకుండా చూడు. చివరికి నమ్మిక భాగం. అది రాకపోతే కల్పించి రాయకండి. ఎప్పుడో నిజంగా జరిగిన ఒక్క మేలు, తారీఖుతో సహా రాయండి, ఏదీ గుర్తురాకపోతే ఖాళీగా వదిలేయండి. 88వ కీర్తన అలా వదిలేసిందే. అది చీకట్లోనే ఆగిపోతుంది, అయినా బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. సిలువ మీద యేసు కూడా "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ" అని 22వ కీర్తన మొదటి మాటే అన్నాడు.

ఇందులో దారి తప్పేది రెండు చోట్ల. ఫిర్యాదు దాటేసి నేరుగా స్తోత్రంలోకి దూకేస్తాం, లోపలి కోపం లోపలే ఉండిపోతుంది. లేదంటే ఫిర్యాదులోనే గంటలకొద్దీ తిరుగుతాం, ముఖ్యంగా రాత్రిళ్లు. అందుకే పావుగంట, పగటిపూట, కూర్చుని, రాసి. పావుగంట అయ్యాక పుస్తకం మూసేసి లేచి ఏదో ఒక పని పట్టుకోండి. డయాలసిస్ బయట కూర్చునే నాలుగు గంటల్లో మొదటి పావుగంట దీనికి సరిగ్గా సరిపోతుంది. అలా వారానికి మూడు పేజీలు. నెలకోసారి వెనక్కి తిప్పి చూడండి. అడిగినవాటిలో ఏవో కొన్ని జరిగిపోయి, మీరు మర్చిపోయి ఉంటారు.

ఆయన ఫిస్టులా మీద రోజూ వేళ్లు పెట్టి చూడమని నర్సు నేర్పే ఉంటారు. వేళ్ల కింద సన్నగా ఝుమ్మంటుంది. అలా అంటున్నంతసేపూ నెత్తురు పారుతున్నట్టే. ఒంట్లో మరెక్కడా ఆ అదురు తెలీదు, అయినా పని జరుగుతూనే ఉంటుంది. మీ ప్రార్థననీ రోజుకొక్కసారి అలాగే తడిమి చూసుకుని వదిలేయండి. రోజంతా పరీక్షించుకోవద్దు.

సంఘం సంగతి. మార్కు 2లో పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించుతారు. యేసు వారి విశ్వాసం చూశాడని రాసుంది. మోసినవాళ్ల విశ్వాసం కూడా లెక్కలోకి వచ్చింది. మీకు విశ్వాసం చాలదన్నవాళ్లకి ఈ మాట వినిపించండి, కోపంతో కాదు, మోయమని. అయితే ఆదివారం నిలబడి అందరినీ కలిపి అడిగితే అందరూ ఆమెన్ అంటారు, మంగళవారం ఒక్కరూ రారు. విడివిడిగా, పని పేరు చెప్పి అడగండి. నెలకి రెండు డయాలసిస్‌లకి మీ బదులు ఆయనతో వెళ్లడానికి ఒక తమ్ముడు. గురువారం రాత్రి కూర వండి పంపడానికి స్త్రీల సమాజంలో ఒకామె. పింఛను, ఆరోగ్య కార్డు కాగితాలకీ, జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) కిడ్నీ మార్పిడికి పేరు ఎక్కించే వీలుందేమో నెఫ్రాలజిస్టుని అడగడానికీ కాస్త చదువుకున్న కుర్రాడు. నాలుగో మనిషి ఏ పనీ చెయ్యక్కర్లేదు, మీ పక్కన కూర్చుని వినాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడింది.

మరొకటి వారానికోసారి చెయ్యండి. యిర్మీయా 32 చదివితే ఎందుకో తెలుస్తుంది. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం, లోపల ప్రవక్త యిర్మీయా చెరసాల ప్రాంగణంలో. అంతా శత్రువు పాలైపోయే వేళ అనాతోతులో పొలం కొనమని దేవుడు చెప్తాడు. కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, ముద్ర వేసిన దస్తావేజూ వెయ్యనిదీ రెండూ కుండలో పెట్టించాడు, చాలా కాలం నిలవాలని. తమాషా ఏమిటంటే ఆ పని అయ్యాకే, ఊరు పోతుంటే పొలం కొనమంటావేమిటని దేవుణ్ణి అడుగుతాడు. ముందు సంతకం, సందేహం తర్వాత.

మీ చుట్టూ అలా చేసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలినప్పుడు, పడ్డ చెట్లు నరికించి ఆ గోతుల పక్కనే మళ్లీ కొబ్బరి మొక్క పెట్టినవాళ్లున్నారు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మొక్క పెట్టేటప్పుడు వాళ్ల మనసు బాగుండే పెట్టారా? మీరూ వారానికొకటి రేపటి కోసం చెయ్యండి. చిన్నదే. పెరట్లో తోటకూర గింజలు చల్లడం. పాప పదో తరగతికి పనికొస్తాయని పాత పుస్తకాలు అడిగి ఉంచడం. మీరు కూడా ఒకసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోవడం. ఫ్యాక్టరీలో కూర్చుని కూర్చుని నడుం లాగేస్తే మెడికల్ షాపులో కొనే నొప్పి మాత్రలు రోజూ మింగే అలవాటుంటే అది ఆపడం, అవి కిడ్నీలకి చేటు. ఏ పని చేశారో నోటుబుక్కు వెనక అట్ట మీద తారీఖు వేసి రాయండి.

ఇక పాప ప్రశ్న. తగ్గుతుందని మాటివ్వకండి, రేపు ఆ మాట తప్పితే పిల్ల దేవుణ్ణీ మిమ్మల్నీ కలిపి నమ్మడం మానేస్తుంది. తగ్గదని కూడా కొట్టిపారెయ్యకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. "నాన్న కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయని డాక్టర్లు అనుకోవట్లేదు. వాటి పని మెషిన్ చేస్తోంది, అందుకే మనం ఒక్కరోజూ తప్పించట్లేదు. నయం చెయ్యమని దేవుణ్ణి అడుగుతూనే ఉందాం, అడగడం మనిష్టం, ఇవ్వడం ఆయనిష్టం. ఇచ్చినా ఇవ్వకపోయినా నాన్నని ఆయన వదిలెయ్యడు. చచ్చిపోయినా వదిలెయ్యడు, యేసుని లేపినట్టు లేపుతాడని మన నమ్మకం. నాన్నకి జబ్బు నీవల్ల రాలేదు." చివరి వాక్యం మర్చిపోకండి. ఆ వయసు పిల్లలు నోరు తెరిచి అడక్కపోయినా లోలోపల అనుకునేది చాలాసార్లు అదే. చెబుతుంటే మీకు ఏడుపొస్తే రానివ్వండి. లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు.

వీలైతే ఈ వారంలోనే బడికి వెళ్లి క్లాసు టీచరుకి ఇంటి పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పి రండి. డయాలసిస్ రోజుల్లో పాప ఆలస్యంగా వచ్చినా, హోంవర్కు చెయ్యకపోయినా అందరి ముందూ నిలబెట్టి అడగరు.